దీగర్ అన్న మాట

షీరాజ్ వాళ్లు బద్ధకస్తులని ఇరాన్ దేశమంతా ఆడిపోసుకుంటుంది. ఆ అపవాదు తన వల్ల నిజం కాకూడదని మహీన్ తవక్కోలీ జర్మనీకి వచ్చిన ఇరవై ఆరేళ్లలో ఏ పనికీ ఆలస్యంగా వెళ్లలేదు. కోర్టుకైతే అరగంట ముందే చేరుకునేది. ఆ మంగళవారం కూడా వాల్డ్‌ఫుర్ట్ కోర్టు రెండో అంతస్తులో, నాలుగో గది బయట బెంచీ మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుంటూ తలుపుకి అంటించిన కాగితం చదివింది. పదిన్నరకి ఒకటే అప్పీలు. అప్పీలుదారులు ఇవజ్ అలీ, భార్య మాసూమా, ఇద్దరు పిల్లలు. దేశం అఫ్గానిస్తాన్. భాష దరీ, అంటే అఫ్గాన్ వాళ్ల ఫార్సీ.

ఆ పేర్లు ఆమెకి ఏమీ గుర్తు చెయ్యలేదు. శరణు కోరి వచ్చినవాళ్ల మాటల్ని ఫార్సీలోంచి జర్మన్‌లోకీ, జర్మన్‌లోంచి ఫార్సీలోకీ తిప్పడమే ఆమె పని. ఇన్నేళ్లలో ఎందరు ఇవజ్‌లు, ఎందరు మాసూమాలు!

వాళ్లు లాయరమ్మతో కలిసి మెట్లెక్కి వచ్చారు. లాయరమ్మ పేరు హెన్నిగ్స్. అరవై దాటిన మనిషి, సైకిలు హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. ఇవజ్‌కి నలభై ఉంటాయి. పొట్టిగా, భుజాలు వెడల్పుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్న కోటులో ఇరుక్కున్నట్టున్నాడు. మాసూమా పచ్చని ఓణీ తల మీదికి లాక్కుంటూ అతని కోటు కాలరు సరిచేస్తోంది.

"కదలకయ్యా! పెళ్లి రోజున కూడా ఇంతే, కాలరు ఒక పక్క, నువ్వొక పక్క."

"పెళ్లి రోజున కోటెక్కడిదే నాకు?"

"అందుకే గదా అప్పుడు బాగున్నావు."

ఇవజ్ నవ్వబోయి మహీన్‌ని చూసి ఆగిపోయాడు. కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు. "సలాం ఖానుం. మనం ఇంతకుముందు కలిశాం కదూ?"

విచారణకి ముందు దుభాషి కక్షిదారులతో ముచ్చట్లు పెట్టకూడదు. మహీన్ తల వంచి, "నేను చాలామందిని కలుస్తానండీ," అని మర్యాదగానే చెప్పి కిటికీ వైపు తిరిగింది. అతను చేతులు గుండె మీద పెట్టుకుని వెనక్కి తగ్గాడు.

విచారణ మొదలైంది. జడ్జి ల్యూడర్స్ గారికి ఒక అలవాటుంది. ఎవరేం చెప్పినా విని, చేతిలోని చిన్న యంత్రంలోకి తన మాటల్లో చెప్పుకుంటాడు. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే అంటాడు. మాసూమాని బయట కూర్చోబెట్టారు. భార్యాభర్తలిద్దర్నీ విడివిడిగా అడగాలి. అసలు ఈ కేసు ఓడిపోయిందే అక్కడ. ఇద్దరూ చెప్పింది పొసగలేదని, అందువల్ల నమ్మదగ్గది కాదని, ముప్ఫై రోజుల్లో దేశం విడిచి వెళ్లకపోతే పట్టి పంపిస్తామని శరణార్థుల ఆఫీసు రాసింది. దాని మీద ఈ అప్పీలు వేసి రెండేళ్లు దాటిపోయింది.

"మొదటి నుంచీ చెప్పండి. తొందరేం లేదు," అన్నాడు జడ్జి.

ఇవజ్ చెప్పాడు. మహీన్ అతని పక్కనే కూర్చుని, అతను 'నేను' అన్నచోట తనూ 'నేను' అంటూ తిప్పుతూ పోయింది. దుభాషీల పద్ధతి అది.

"నాది పద్దెనిమిది సీట్ల బండి సార్. గజ్నీ నుంచి కొండల్లో మా జాఘోరీకి. మధ్యలో కరాబాగ్ మైదానం దాటాలి. అక్కడ తుపాకులవాళ్లు బండి ఆపుతారని అందరికీ తెలుసు. ఆపని రోజు మా అదృష్టం. ఆ రోజు ఆపారు. బండిలో ఒక పంతులమ్మ ఉంది, ఆడపిల్లల బడిలో చెప్పేది. తుపాకి వాడొకడు ఎక్కి 'ఈమె ఎవరు?' అన్నాడు. 'మా చెల్లెలు' అన్నాను. 'ఒట్టెయ్' అన్నాడు. వేశాను. దేవుడి గ్రంథం మీద దొంగ ఒట్టు వేశాను సార్. ఆమెని ఇంటి దగ్గర దింపాను. ఆమె మా కులం కాదు, చుట్టమూ కాదు. నాకు ఆమె పేరు కూడా తెలియదు."

"తర్వాత?"

"నాలుగో రోజు పొద్దున్నే మా గేటుకి కాగితం కట్టి ఉంది. నాకు చదువు రాదు. మా ఆవిడ చదివింది. 'నీ చెల్లెలు ఎవరో మాకు తెలిసింది' అని ఉంది. అంతే. బండి దాచేద్దామని పెట్రోలు కోసం పక్కింటికి పోయాను. నేను వాళ్ల మిద్దె మీదుండగా మోటారుసైకిళ్ల మీద నలుగురు వచ్చారు. మా నాన్నని తుపాకి మడమతో కొట్టారు, ఇక్కడ," అంటూ ఇవజ్ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "బండి తగలబెట్టారు. చీకటి పడ్డాక మేం ఊరు వదిలాం."

జడ్జి అదంతా యంత్రంలోకి చెప్పుకున్నాడు. తర్వాత ఫైలు తిరగేశాడు.

"కాగితం కనబడిందీ, వాళ్లు వచ్చిందీ ఒకే రోజంటారు?"

"ఒకే రోజు సార్."

"మరి ఆఫీసులో మీరిచ్చిన వాంగ్మూలంలో, ఏడో పేజీ, 'వాళ్లు మరో రోజు వచ్చారు' అని ఉంది. మీ భార్య మాత్రం అదే రోజంది. మీరు చెప్పింది నిజమైతే, అలాంటి బెదిరింపు కాగితం వచ్చాక కూడా ఇంట్లోనే నిశ్చింతగా ఉన్నారన్నమాట. ఏది నిజం?"

మహీన్ ప్రశ్నని తిప్పింది. 'మరో రోజు' అన్నచోట ఆమె నోటికి పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాటే వచ్చింది. 'రోజె దీగర్'.

ఇవజ్ ముఖం విప్పారింది. "అవును ఖానుం! దీగరే! అప్పుడూ నేను అదే చెప్పాను. దీగరప్పుడే వచ్చారు."

"అవును, మరో..." అని జర్మన్‌లో మొదలుపెట్టి మహీన్ ఆగిపోయింది.

జడ్జి యంత్రం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "అవును, మరో?"

ఆ మాటని ఇలా ఇంకెక్కడ విన్నదో మహీన్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

ఏడాది కిందట ఒక ఆస్పత్రిలో అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ నుంచి వచ్చిన ముసలామె ఒకావిడకి దుభాషిగా వెళ్లింది. షుగరు మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని డాక్టరు అడిగితే, ముసలామె 'దీగర్' అంది. షీరాజ్‌లో దీగర్ అంటే 'ఇంకొకటి', 'వేరేది'. "వేరే ఏ మాత్రమ్మా?" అంది మహీన్. "దీగర్!" "అదే, వేరే ఏది?" అలా మూడుసార్లయ్యాక ముసలామె కోడలు పడీపడీ నవ్వి, "అయ్యో ఖానుం, మా వైపు పొద్దు వాలాక, చీకటి పడక ముందు చేసే నమాజు వేళని దీగర్ అంటాం," అని చెప్పింది. మహీన్ కూడా నవ్వేసింది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పి నవ్వించింది. కొత్త సంవత్సరం విందులో ముసలామె గొంతు అనుకరిస్తూ చెప్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. ఏడాది పొడుగునా ఆ ముచ్చట చెప్పి నవ్విస్తూనే ఉంది. ఆ మాట తనకి తెలియని రోజుల్లో తన ముందు కూర్చుని ఎవరెవరు దాన్ని పలికి ఉంటారో అని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

"జడ్జిగారూ, ఆ ఏడో పేజీ ఒకసారి చూడవచ్చా?"

జడ్జి కనుబొమలెత్తి, ఫైలు ఆమె వైపు తిప్పాడు. కింద మూడు సంతకాలున్నాయి. విచారించిన అధికారిది ఒకటి. చదువురాని చేత్తో వంకరగా గీసిన ఇవజ్‌ది ఒకటి. మూడోది నీలం సిరాతో, చివరక్షరం తోకని పొడుగ్గా లాగి, ఠీవిగా ఉంది. ఆ తోక లాగడం ఆమె పన్నెండేళ్ల వయసులో తండ్రిని చూసి నేర్చుకుంది.

"ఇకనుంచి నేను చెప్పేది ఈయన మాట కాదు," అంది మహీన్. "నా మాట. రెండు వేల పదహారు నవంబరులో ఈయన వాంగ్మూలానికి దుభాషిని నేనే. ఈయన ఊళ్లో దీగర్ అంటే సాయంత్రం, పొద్దువాలే వేళ. మా ఊళ్లో దీగర్ అంటే మరొకటి. 'పగటి దీగర్‌లో వచ్చారు' అని ఈయన చెప్పి ఉంటాడు. నేను 'మరో రోజు వచ్చారు' అని రాయించి ఉంటాను. ఇప్పుడు కూడా మీ ముందే, ఈ నిమిషంలో, అదే తప్పు మళ్లీ చెయ్యబోయాను."

హెన్నిగ్స్ చేతిలోని కలం బల్ల మీద పడింది. జడ్జి యంత్రం ఆపి, మళ్లీ మొదలుపెట్టి, ఆమె చెప్పిందంతా కామాలతో సహా అందులోకి చెప్పుకున్నాడు.

ఇవజ్ అందరి ముఖాల్లోకీ చూస్తున్నాడు. "ఏమైంది ఖానుం? నేనేమైనా తప్పు మాట్లాడానా?"

జరిగింది అతనికి చెప్పవలసిందీ మహీనే. జడ్జి అన్న ఒక్కొక్క వాక్యమూ తిప్పింది. "అప్పటి దుభాషి మీ మాట తప్పుగా తిప్పి ఉండవచ్చునని ఇప్పటి దుభాషి చెబుతోంది. ఇద్దరూ ఒకరే." ఆ 'ఒకరే' దగ్గర ఇవజ్ ఆమె వైపు తిరిగాడు.

"ఈవిడ సాక్షి అయ్యాక దుభాషిగా ఉండడానికి వీల్లేదు," అన్నాడు జడ్జి. "వేరే దుభాషిని పిలిపించాలి. విచారణ వాయిదా."

"జడ్జిగారూ, వీళ్లు ఇప్పటికి ఇరవై ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నారు!" అంది హెన్నిగ్స్.

"నాకు తెలుసు. ఏడు వారాల్లో పెడతాను. అంతకన్నా ముందు నా దగ్గర ఖాళీ లేదు."

బయట మాసూమా లేచి నిలబడింది. "అప్పుడే అయిపోయిందా? నన్ను పిలవలేదేం?"

ఇవజ్ చెప్పాడు. తక్కువ మాటల్లోనే చెప్పాడు. మాసూమా వింటూ వింటూ మహీన్ దగ్గరికి నడిచి వచ్చింది. అరుస్తుందేమో అనుకుంది మహీన్. మాసూమా గొంతు తగ్గించింది.

"ఒక్క మాటా ఖానుం?"

"ఒక్క మాటే."

"నేను అబద్ధాలకోరునని మా ఆయన రెండేళ్లు అనుకున్నాడు తెలుసా? నేనే తారీకులు తప్పు చెప్పి కొంప ముంచానని. నేనేమో ఈయనే తాగి వెళ్లాడా అనుకున్నాను. ఈయన జన్మలో తాగి ఎరగడు. ఇద్దరం ఒకే గదిలో, ఇద్దరు పిల్లల్ని మధ్యన పడుకోబెట్టుకుని, ఎవరు తప్పు చెప్పామని కొట్టుకు చచ్చాం."

"మాసూమా, చాలు," అన్నాడు ఇవజ్.

"చాలదు. మామయ్య సంగతి చెప్పు ఈవిడకి."

ఇవజ్ చెప్పలేదు. మాసూమాయే చెప్పింది. తుపాకి దెబ్బ తిన్న ఆ ముసలాయన పాకిస్తాన్‌లోని క్వెట్టాలో చుట్టాలింట్లో ఉండేవాడు. పోయిన చలికాలం పోయాడు. శరణు కాగితం ఉంటే ప్రయాణపు పాసు వచ్చేది, పెద్దకొడుకు వెళ్లి మట్టి వేసేవాడు. లేదు కాబట్టి ఫోన్లో చూశాడు.

హెన్నిగ్స్ వచ్చి మహీన్ మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. "ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. తను తప్పు చేశానన్న దుభాషిని ఇవాళే చూశాను. మీ మీద కోపంగా ఉంది, చాలా కోపంగా ఉంది. వాయిదా రోజు తప్పక రండి."

మర్నాడు పొద్దున్న చాయ్ దగ్గర ఆమె భర్త హూషంగ్ అంతా విని, పంచదార పలుకు పంటి కింద పెట్టుకుని చాలాసేపు కొరకలేదు.

"నిన్నెవరడిగారు?" అన్నాడు చివరికి.

"ఎవరూ అడగలేదు."

"అదే అంటున్నా. 'సాయంత్రం వచ్చారంటున్నాడు' అని సరిగ్గా తిప్పేసి ఊరుకుంటే పోయేది కాదా? వాడి పని జరిగేది, నీ పేరు నిలిచేది."

మహీన్ అదీ ఆలోచించింది. కోర్టు నుంచి ఇంటికి వచ్చే దారంతా రైల్లో అదే ఆలోచించింది. "ఇప్పుడు సాయంత్రమంటున్నాడు, అప్పుడు మరో రోజన్నాడు అని రాసుకునేవాడు జడ్జి. మాట మార్చాడు అనేవాడు. నా సంతకం అక్కడ ఉన్నంతసేపూ అతను చెప్పేది అబద్ధమే హూషంగ్."

"ఇంక నిన్ను పిలవరు."

"పిలవరేమో."

అతను చాయ్ తాగేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ ముసలమ్మ ముచ్చట ఎన్నిసార్లు చెప్పించుకుని నవ్వాను నేను! ఛ," అన్నాడు.

ఏడు వారాలకి మళ్లీ అదే గది. ఈసారి దుభాషి కుర్చీలో అఫ్గానిస్తాన్‌లోని మజార్ నుంచి వచ్చిన రిటైర్డు బడిపంతులు కూర్చున్నాడు, తెల్ల మీసాలాయన. మహీన్‌ని ఎదురుగా సాక్షి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ గదిలోకి వందసార్లు వచ్చి ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే జడ్జి బల్ల అంత ఎత్తులో ఉంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

"ఇవజ్ అలీ గారి వాంగ్మూలం మీకు గుర్తుందా?" అన్నాడు జడ్జి.

"లేదు."

"అసలేమీ?"

"ఏమీ గుర్తు లేదు. ఆయన ముఖం కూడా. ఈ వరండాలో ఆయనే నన్ను గుర్తుపట్టాడు."

హెన్నిగ్స్ కళ్లు మూసుకుంది. గుర్తుందని అంటే ఎంత తేలికయ్యేదో మహీన్‌కి తెలుసు. 'అవును, దీగరే అన్నాడు, నా చెవుల్లో ఉంది' అని ఒక్క వాక్యం. ఏడు వారాలూ ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చి పోతూనే ఉంది. తప్పు దిద్దడానికి చెప్పే అబద్ధం తప్పెలా అవుతుంది? కానీ ఎదురుగా కూర్చున్న మనిషి దొంగ ఒట్టు వేసింది ఒక పరాయి మనిషి ప్రాణం కాపాడ్డానికి. తను వెయ్యబోయేది దేనికి? సగం అతని కోసం, సగం తన మనసు తేలిక చేసుకోవడం కోసం. ఆ రెండో సగం ఆమెని ఆపేసింది.

"ఆ రోజు ఎన్ని వాంగ్మూలాలు తిప్పారు?"

"అయిదు. ఆ రోజుల్లో రోజుకి అయిదూ ఆరూ ఉండేవి."

"మరి ఏమీ గుర్తులేనప్పుడు మీరు ఏ సంగతికి సాక్ష్యం చెప్పడానికి వచ్చారు తవక్కోలీ గారూ?"

"ఆ మాట నాకు రాదన్న సంగతికి," అంది మహీన్. "రెండు వేల పద్దెనిమిది ఫిబ్రవరి దాకా నాకు దీగర్ అంటే ఒకటే అర్థం తెలుసు. దానికి ముందు నా ముందు ఎవరు దీగర్ అన్నా నేను 'మరొకటి' అనే తిప్పి ఉంటాను. వేరేలా తిప్పడం నాకు చేతకాదు."

"వాంగ్మూలం చివర ఆయన భాషలో చదివి వినిపించారు. సరిగ్గా ఉందని సంతకం చేశాడు."

"వినిపించినదీ నేనే కదండీ. 'రోజె దీగర్' అని చదివి ఉంటాను. ఆయన చెవికి తన దీగరే వినబడి ఉంటుంది. పోయినసారి మీ ముందే అలా జరిగింది. నేను నా దీగర్ అన్నాను, ఆయన తన దీగర్ అనుకుని సంతోషంగా అవునన్నాడు."

జడ్జి మజార్ పంతులు వైపు చూశాడు. పంతులు మీసం సవరించుకుని, తమ వైపు పసిపిల్లాడికి కూడా దీగర్ అంటే సాయంత్రం నమాజు వేళేనని, ఇరాన్ వాళ్లకి ఆ వాడుక పోయి చాలా కాలమైందని వివరించాడు.

"ఇంకొక ప్రశ్న," అన్నాడు జడ్జి. "ఫిబ్రవరిలో ఆ మాట తెలిసినప్పుడు, పాత వాంగ్మూలాల గురించి ఆఫీసుకి గానీ ఎవరికైనా గానీ చెప్పారా?"

మహీన్ ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. రాదని కాదు. అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

"లేదు. నవ్వుకున్నాను."

పంతులు ఆ మాటని తగ్గు గొంతుతో ఇవజ్‌కి తిప్పాడు. మహీన్ తన మాట వేరొకరి నోట ఫార్సీగా మారడం జీవితంలో మొదటిసారి విన్నది. ఇవజ్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. జడ్జి యంత్రంలోకి చెప్పుకున్నాడు. "సాక్షి చెప్పినది, కోలన్, లేదు, ఫుల్‌స్టాప్, నవ్వుకున్నాను, ఫుల్‌స్టాప్."

ఆ తర్వాత మాసూమాని పిలిచి రెండు గంటలు అడిగారు. మహీన్ అప్పటికి వెళ్లిపోయింది.

తీర్పు మూడు వారాలకి హెన్నిగ్స్‌కి పోస్టులో వచ్చింది. ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వు కొట్టేశారు. ఆ కుటుంబానికి రక్షణ ఇవ్వాలి, వెనక్కి పంపకూడదు. పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలోని రెండు వాక్యాల్ని హెన్నిగ్స్ ఫోన్లో మహీన్‌కి చదివి వినిపించింది. 'సాక్షికి ఆనాటి విచారణ గుర్తు లేదు, ఆ సంగతి ఆమె దాచలేదు. తనకి అనుకూలంగా ఒక్క మాట కూడా చెప్పుకోని ఆమె వివరణను నమ్మకపోవడానికి న్యాయస్థానానికి కారణం కనబడలేదు.'

"వాళ్లకి చెప్పారా?" అంది మహీన్.

"చెప్పాను. ఆయన ఏడ్చాడు. ఆవిడ బడికి ఫోన్ చేసి పిల్లలకి సెలవు అడిగింది."

"ఇంకా ఎంతమంది ఉన్నారో హెన్నిగ్స్ గారూ."

"ఒక పేజీ రాయండి. ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా మీరు పనిచేశారో, ఏ మాట తప్పిందో, మీ పేరుతో, మీ సంతకంతో. నాకు తెలిసిన లాయర్లందరికీ పంపుతాను. కానీ తర్వాత మీకు పని దొరకదు. ఆ సంగతి తెలుసుకుని రాయండి."

మహీన్ రాసింది. సంతకం చేసేటప్పుడు తోక లాగలేదు. ఆఫీసుకి ఒక ప్రతి పంపింది. ముగిసిన ఫైళ్లని ఊహ మీద తెరవలేమని, నష్టపోయామనుకునేవాళ్లు ఎవరికి వాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చునని నాలుగు వరుసల జవాబు వచ్చింది. హెన్నిగ్స్ అన్నట్టే కోర్టుల నుంచి పిలుపులు తగ్గి, ఎండాకాలానికల్లా ఆగిపోయాయి. లాయర్ల దగ్గర్నుంచి మాత్రం ఫోన్లు వచ్చాయి. మొత్తం నాలుగు. రెండింటిలో దీగర్ సంగతే లేదు. మూడో దానిలో ఉంది, అప్పీలు ఇంకా నడుస్తోంది, పనికొచ్చింది. నాలుగోది ఒక వడ్రంగిది. ఇరవై నాలుగేళ్లవాడు. ఫైల్లో 'మరో రోజు' అని ఉంది, సంతకం మహీన్‌దే. అతన్ని పోయిన ఏడాదే విమానమెక్కించి కాబూల్ పంపేశారు. తన దగ్గరున్న నంబరు పలకడం లేదని ఆ లాయరు చెప్పాడు. అతని కేసు పోవడానికి ఆ మాటే కారణమో, ఇంకేమైనా ఉందో ఎవరూ చెప్పలేరు. మహీన్ అతని పేరు ఒక కాగితం మీద రాసుకుంది. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

తనకి తెలియని మాటలు ఇంకెన్ని ఉన్నాయో తెలుసుకునే దారేమిటని ఆమె చాలా రోజులు ఆలోచించింది. రాని మాట రాదని మనకెలా తెలుస్తుంది? సరిగ్గా వచ్చిన మాటలాగే ఉంటుందది. నిఘంటువుల్లో వెదికితే కొండల్లోని ఊళ్ల మాటలు సగం లేవు. చివరికి ఒక శనివారం మిఠాయి పెట్టె పట్టుకుని మాసూమా వాళ్లింటికి వెళ్లింది. కొత్త ఇల్లు, రెండు గదులు, ఇంకా గోడల రంగు వాసన పోలేదు.

మాసూమా తలుపు తీసి, పెట్టె వైపు చూసింది. "ఇదిచ్చి చేతులు దులుపుకుందామనా ఖానుం?"

"కాదు. ఒకటి అడగడానికి వచ్చాను. నాకు మీ మాట నేర్పు."

"ఏ మాట?"

"మీ ఊరి మాట. అంతా. నేను ఎక్కడెక్కడ తప్పానో నాకే తెలియడం లేదు. తెలిస్తే గానీ ఎవరికీ చెప్పలేను."

మాసూమా నడుం మీద చెయ్యి వేసుకుని ఆమెని కిందికీ పైకీ చూసింది. "కోర్టులో సర్టిఫికెట్లున్న దుభాషివి. నేను మా ఊళ్లో ఆరో తరగతి. ఈ వయసులో నా దగ్గర కూర్చుని నేర్చుకుంటావా?"

"కూర్చుంటాను."

"కొడతాను."

"కొట్టు."

లోపల ఇవజ్ నవ్వాడు. మాసూమా నవ్వలేదు గానీ తలుపు వదిలి పక్కకి జరిగింది.

అలా ప్రతి శనివారం మహీన్ నోటుబుక్కు పట్టుకుని వెళ్లేది. మాసూమా కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో మాటలు విసిరేది. నాయనమ్మని ఆజా అంటారు. పినతల్లి బిడ్డని బోల అంటారు. "బోల అంటే అన్న కాదు. అన్న అని రాశావా ఎక్కడైనా? రాసే ఉంటావు," అని దెప్పేది. మహీన్ గీత గీసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకునేది. ఇంటికెళ్లి ఆ ప్రశ్నగుర్తులన్నీ హెన్నిగ్స్‌కి రాసేది. ఆ నోటుబుక్కుకి ఆ చలికాలం ఒక శరణార్థుల సలహా కేంద్రం వాళ్లు ప్రతులు తీసుకుని కొత్త దుభాషీలకి ఇచ్చారు. పైన పేరు మాసూమాది ఉండాలని మహీన్ పట్టుబట్టింది. మాసూమా అది చూసి, "నా పేరు స్పెల్లింగు తప్పు," అంది.

ఒక శనివారం ఇవజ్ ఇంట్లో ఉన్నాడు. సిటీ బస్సు నడపడానికి శిక్షణ తీసుకుంటున్నాడు, ఆ రోజు సెలవు. చాయ్ తెచ్చి ముగ్గురి ముందూ పెట్టి, "మా నాన్న మీలాంటి చదువుకున్నవాళ్లంటే భయపడేవాడు ఖానుం," అన్నాడు ఏదో గుర్తొచ్చి. వెంటనే మాట ఆపేశాడు.

మాసూమా ఉల్లిపాయ తరగడం ఆపింది.

"నిన్ను క్షమించాననుకోకు," అంది మాసూమా. గొంతులో కోపం లేదు. సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "ఆయన క్షమించాడేమో, ఆయన మనసు వేరు. నేను రోజూ ప్రయత్నిస్తాను. ఒక్కోరోజు వీలవుతుంది, మర్నాడు మళ్లీ పోతుంది."

"సరే," అంది మహీన్.

"శనివారాలు రావడం మానకు."

"మానను."

మాసూమా ముంజేత్తో కళ్లు తుడుచుకుని, "పాడు ఉల్లిపాయ," అని గొణిగి, కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. "రాసుకో. పెళ్లిళ్లలో వాడే మాటలు చెప్తా. అందులో నువ్వు కచ్చితంగా తప్పి ఉంటావు."

మహీన్ పేజీ తిప్పింది.